ఇంగ్లీషు కథని విశ్లేషించడానికి ఏ దారి: వస్తువా, నేపథ్యమా, శైలా?

మా అక్క కూతురు ఇక్కడే బెంగళూరులో బీఏ ఇంగ్లీషు చదువుతోంది. హాస్టల్ తిండి మొహం మొత్తినప్పుడల్లా ఆదివారం పూట మారతహళ్లిలో మా ఇంటికి వచ్చేస్తుంది. మొన్న వచ్చినప్పుడు ఉగ్గాని తింటూనే బ్యాగులోంచి అసైన్‌మెంట్ కాగితం తీసి నా ముందు పెట్టింది. "చిన్నమ్మా, కథ చదివినాను, అర్థమైంది. స్టైలు, థీమ్స్ విశ్లేషించమన్నారు. అర్థమైపోయిన కథ గురించి ఇంకా ఏం రాయాల్నో అర్థం కాలే" అంది.

ఈ మాట నాకు కొత్త కాదు. ఆరేళ్లుగా మా అపార్ట్‌మెంట్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న తెలుగువాళ్లం ఎనిమిది తొమ్మిది మందిమి నెలకి రెండు ఆదివారాలు కూర్చుని ఇంగ్లీషు కథలూ నవలలూ చదువుకుంటున్నాం. ఎక్కువ మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు. కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నారు, అందరం బాబాయిగారు అంటాం. ఇద్దరు దూరవిద్యలో ఎంఏ ఇంగ్లీషు కట్టారు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ఒకటే: దేనితో మొదలుపెట్టాలి, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఇన్నాళ్లూ నోటితో చెప్పిన జవాబుని ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. ఇంగ్లీషులో థీమ్ అనేదాన్ని మన విమర్శకులు వస్తువు అంటారు. కథ లోతుల్లో దేని గురించి మాట్లాడుతోందో అది వస్తువు. ఆ కథని ఎలాంటి వాక్యాలతో, ఎవరి గొంతుతో, ఏ వరసలో చెప్పారో అది శైలి, శిల్పం. రచయిత కాలం, దేశం, బతుకు ఇవన్నీ నేపథ్యం. విశ్లేషణ ఈ మూడింటిలో ఎక్కణ్ణుంచైనా మొదలుపెట్టొచ్చు. చివరికి మూడూ చూడాల్సిందే. కానీ దేనితో మొదలుపెట్టామన్నదాన్నిబట్టి మనకి కనిపించేది మారిపోతుంది. నా ఓటు శైలికి. అయితే మిగతా రెండు దారులకీ వాటి చోటు వాటికుంది, ముందు అవి చెబుతాను.

వస్తువుతో మొదలుపెడితే

చిన్నప్పటినుంచీ మనకి అలవాటైన దారి ఇది. "ఈ పాఠం వల్ల నీవు తెలుసుకున్నదేమి" అన్న ప్రశ్నతో పెరిగాం కదా. బజారులో దొరికే గైడ్లు, వీడియో పాఠాలు, ఇప్పుడు చాట్‌బాట్‌లు, అన్నీ ఇదే వరసలో వెళ్తాయి. నవల పేరు చెప్పగానే నాలుగు వస్తువులు, ఒక్కోదానికి రెండేసి ఉదాహరణలు చేతిలో పెడతాయి. టైమ్ కలిసొస్తుంది, టెన్షన్ తగ్గుతుంది, పరీక్షలో కాగితం నిండుతుంది.

నేనూ ఎంఏ మొదటి ఏడాది ఇలాగే చేశాను. ఒక నవల మీద అసైన్‌మెంట్ రాస్తూ ఒంటరితనం, అధికారం, మనిషి పతనం అని మూడు సైడ్ హెడ్డింగులు పెట్టి పన్నెండు పేజీలు నింపాను. మార్కులు బాగానే వేశారు. రెండేళ్ల తర్వాత బీరువా సర్దుతుంటే ఆ కాగితాలు దొరికాయి. చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. నవల పేరు, పాత్రల పేర్లు కొట్టేసి ఇంకో నవలవి రాసినా ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు. చాలా బాధేసింది. నెల రోజులు రాత్రిళ్లు కూర్చుని చదివిన పుస్తకం నా జవాబులో ఎక్కడా లేదు.

అప్పట్నుంచి ఈ దారిలో వెళ్లేవాళ్లందరికీ ఆ పరీక్షే పెడుతున్నాను. మీరు రాసినదాంట్లో పుస్తకం పేరు వేలితో మూసి చదవండి. అది ఇంకో పుస్తకానికీ అతికితే మీరు ఇంకా విశ్లేషణ మొదలుపెట్టలేదని లెక్క.

మన ఊరికే సంబంధించిన నవల ఒకటి తీసుకుందాం. 2008లో బుకర్ ప్రైజ్ గెలిచిన అరవింద్ అడిగ 'ది వైట్ టైగర్'. ఉత్తరాదిన పల్లెటూళ్లో పుట్టిన బలరామ్ డ్రైవరుగా చేరి, యజమానిని చంపి, ఆ డబ్బు సంచితో బెంగళూరు వచ్చి, కాల్ సెంటర్ ఉద్యోగుల్ని రాత్రిపూట తీసుకెళ్లే క్యాబ్‌ల వ్యాపారం పెడతాడు. వస్తువు ఏమిటి అంటే పేదరికం, అవినీతి, కులం, యజమాని-నౌకరు సంబంధం అని ఎవరైనా చెబుతారు. తప్పు కాదు. కానీ ఆ మాటలు వంద నవలలకి అతుకుతాయి.

ఇప్పుడు ఒకే ఒక్క ప్రశ్న కలపండి: ఈ కథ ఎవరు, ఎవరికి చెబుతున్నారు? బలరామ్ తన ఆఫీసులో కూర్చుని, ఏడు రాత్రుల పాటు, చైనా ప్రధానికి ఉత్తరాలుగా చెబుతున్నాడు. ఆ ప్రధాని జవాబు రాయడు. ఎదురు ప్రశ్న వెయ్యడు. అంటే మనకి అందే ప్రతి ముక్కా హత్య చేసిన మనిషి తన గురించి తాను చెప్పుకున్నదే, అదీ ఒక వ్యాపారవేత్త విజయగాథలాగా. ఈ సంగతి పట్టుకున్నాక వస్తువే మారిపోతుంది. పేదరికం గురించిన నవల కాస్తా, ఒక మనిషి తన నేరాన్ని ఏ భాషలో చెబితే అది విజయంగా వినిపిస్తుందో చూపించే నవల అవుతుంది. ఆ మలుపు వచ్చింది ఉత్తరాల రూపం వల్ల, అంటే శిల్పం వల్ల. తెల్లారుజామున మూడింటికి క్యాబ్ దిగి ఇంటికి వచ్చిన రోజులున్న మా వాళ్లు ఈ నవలని ఎంత ఇష్టంగా చర్చించారో, బలరామ్‌ని ఎంతవరకు నమ్మాలన్న దాని మీద అంత గట్టిగా వాదించుకున్నారు.

అయినా వస్తువుతో మొదలుపెట్టడమే మేలైన సందర్భాలు లేకపోలేదు. పరీక్ష పదిహేను రోజుల్లో ఉంటే ఇదే దారి, మొహమాటం అక్కర్లేదు. ఐదారు వందల పేజీల డికెన్స్ నవల చేతిలో ఉంటే కూడా ముందు ఒక వస్తువు అనుకుని చదవడం నయం, లేకపోతే పాత్రల మధ్య తప్పిపోతాం.

నేపథ్యంతో మొదలుపెడితే

చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఇది సహజంగా వచ్చే దారి. దీని బలం ఎంతో నాకు ఒక్క మాటతో తెలిసొచ్చింది.

జార్జ్ ఆర్వెల్ 1936లో రాసిన 'షూటింగ్ యాన్ ఎలిఫెంట్' అనే వ్యాసం చదువుతున్నాం. బ్రిటిష్ పాలనలో ఉన్న బర్మాలో, మౌల్మీన్ ఊళ్లో, తెల్ల పోలీసు అధికారి ఒకడు మదమెక్కిన ఏనుగు వెనక వెళ్తాడు. ఏనుగు అప్పటికే ఒక కూలీని తొక్కి చంపేసింది. అధికారి వచ్చేసరికి దాని మదం దిగి ప్రశాంతంగా గడ్డి మేస్తూ ఉంటుంది. కాల్చాల్సిన అవసరం లేదు, అతనికి ఇష్టమూ లేదు. కానీ వెనక రెండు వేలకి పైగా జనం చూస్తున్నారు. వాళ్ల ముందు చులకన కాకూడదని కాల్చేస్తాడు. గైడు ఏది తీసినా దీనికి సామ్రాజ్యవాదం అని రాస్తుంది. ఆర్వెల్ కూడా నడిమధ్యలో ఆ మాట దాచకుండా చెప్పేశాడు.

వ్యాసం చివర్లో తెల్ల అధికారులు ఏనుగుని కాల్చడం సబబా కాదా అని వాదించుకుంటారు. కుర్రాళ్ల వాదన ఏమిటంటే, కూలీని చంపిందని ఏనుగుని కాల్చడం అన్యాయం, ఏ కోరింగీ కూలీ కన్నా ఏనుగు విలువే ఎక్కువ. ఈ వాక్యం చదువుతుంటే బాబాయిగారు చెయ్యెత్తి ఆపారు. "అమ్మా, ఆ మాట మళ్లీ చదువు" అన్నారు. మళ్లీ చదివాను. "కోరింగీ అంటే మా కోరంగి. కాకినాడ పక్కన. మా తాతగారి అన్నయ్య అక్కణ్ణుంచే ఓడెక్కి రంగం వెళ్లాడు. తిరిగి రాలేదు" అన్నారు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల నుంచీ ఉత్తరాంధ్ర నుంచీ వేలమంది కూలికి బర్మా వెళ్లేవాళ్లు. రంగూన్‌ని మనవాళ్లు రంగం అనేవాళ్లు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగు కూలీలకి ఆ పేరు పడింది. అంటే ఆ బురదలో పడి ఉన్న శవం ఒక తెలుగువాడిది. అంతకు ముందు ఆర్వెల్ అతన్ని ద్రవిడ కూలీ అని రాసినా, మేం ఎవరం ఆగలేదు. చదువుకుంటూ వెళ్లిపోయాం.

అక్కణ్ణుంచి వ్యాసాన్ని మొదటికి తిప్పి మళ్లీ చదివాం. చచ్చిపోయిన మనిషికి పేరు లేదు. అతని మీద ఉన్నవి కొద్ది వాక్యాలు. ఏనుగు చావు మీద మాత్రం పేరాల మీద పేరాలు ఉన్నాయి, అది ఎలా కూలింది, ఎలా ఊపిరి తీసింది, చివరికి ఎంతసేపు పట్టింది అన్నీ. కథ చెప్పే అధికారి ఆ కూలీ చచ్చిపోవడం తనకి మంచిదే అయిందంటాడు, దాంతో తను చేసింది చట్టప్రకారం సబబు అవుతుంది కాబట్టి. ఇక అసలు ప్రశ్న వచ్చింది. ఏనుగుకి ఎక్కువ, మనిషికి తక్కువ అన్న ఈ కొలతని ఆర్వెల్ కావాలనే మన ముందు పెట్టి మనల్ని ఉలిక్కిపడేలా చేస్తున్నాడా, లేక ఆ కొలత తన చేతికీ అంటుకుందా? మాలో సగం మంది అటు, సగం మంది ఇటు. నేను మొదటిదే అనుకుంటాను, ఎందుకంటే ఆ కుర్రాళ్ల మాటనీ అధికారి మాటనీ పక్కపక్కన చివర్లోనే పెట్టాడు. బాబాయిగారు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన వాదనకీ పుస్తకంలో ఆధారం ఉంది.

నేపథ్యం ఇలా పనికొస్తుంది, ఒక మాట మీద వెలుగు వేసి మళ్లీ మనల్ని ఆ వాక్యాల దగ్గరికే పంపితే. దీని ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. చాలామంది నేపథ్యంలోకి వెళ్లి తిరిగి రారు. రచయిత ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నాడు, ఏ యుద్ధంలో దెబ్బ తగిలింది, ఏ ఉత్తరంలో ఏం రాశాడు అని పేజీలు నింపి, కథని ఆ జీవితానికి కార్బన్ కాపీగా తేల్చేస్తారు. దీనికి విరుగుడు వందేళ్ల కిందట ఐ.ఏ. రిచర్డ్స్ అనే విమర్శకుడు కేంబ్రిడ్జ్ విద్యార్థుల మీద చేసి చూపించాడు. కవి పేరు, కాలం ఏమీ చెప్పకుండా కవితలు చేతికిచ్చి అభిప్రాయం రాయమన్నాడు. పేరుమోసిన కవుల్ని వాళ్లు కొట్టిపారేశారు, అనామకుల్ని మెచ్చుకున్నారు. ఆ ఫలితాలతో 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజమ్' వచ్చింది. పేరు చూసి మెచ్చుకోవడానికీ పద్యం చూసి మెచ్చుకోవడానికీ ఎంత తేడా ఉందో అందులో కనిపిస్తుంది.

శైలితో మొదలుపెడితే

తెలుగువాళ్లకి నేను ఈ దారి గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రానివాళ్ల దగ్గర లేని పనిముట్టు మన దగ్గర ఉంది. ఒక పేరా తీసుకుని తెలుగులోకి తిప్పి చూడటమే ఆ పనిముట్టు. అనువాదం అందంగా రావాలని కాదు. ఎక్కడ అడ్డం పడుతుందో చూడటానికి. తెలుగు ఎక్కడ మొరాయిస్తుందో అక్కడే ఆ రచయిత శైలి ఉంటుంది.

అమెరికన్ రచయిత హెమింగ్వే 1927లో అచ్చువేసిన 'హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్' కథతో ఇది బాగా తెలుస్తుంది. నాలుగైదు పేజీలే. స్పెయిన్‌లో ఎబ్రో లోయ దగ్గర రైల్వే స్టేషన్. బార్సిలోనా నుంచి రావాల్సిన రైలుకి ఇంకా నలభై నిమిషాలు ఉంది. ఒక అమెరికన్, ఒక అమ్మాయి బీరు తాగుతూ మాట్లాడుకుంటారు. ఆమెకి కడుపు తీయించాలని అతని ఆరాటం. ఆ మాట కథలో ఎక్కడా రాదు. చాలా సింపుల్ ఆపరేషన్ అంటాడంతే. కథ చెప్పే గొంతు అతన్ని మగమనిషి అంటుంది, ఆమెని అమ్మాయి అంటుంది. ఆ రెండు మాటల్లోనే ఎవరి చెయ్యి పైన ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు తెలుగులోకి తిప్పండి. ఇంగ్లీషులో ఇద్దరూ ఒకరినొకరు ఒకే 'యూ'తో పిలుచుకుంటారు. మనకి ఆ సౌకర్యం లేదు. నువ్వా, మీరా? మా గుంపులో ఇద్దరికీ నువ్వు అనే మొదలుపెట్టాం. సగం పేజీ అయ్యాక ఒకామె, "ఇక్కణ్ణుంచి ఆ అమ్మాయి మీరు అనాలి" అంది. కోపం వస్తే ఆడవాళ్లు మర్యాద పెంచేస్తారు కదా, ఆ చల్లటి మీరు. ఎక్కడ మారాలన్న దాని మీద మూడు అభిప్రాయాలు వచ్చాయి. అతను ఆపరేషన్ ఏమంత కష్టం కాదన్న దగ్గరే అని ఒకరు. ఆమె మాట్లాడటం ఆపమని వరసగా ఏడుసార్లు ప్లీజ్ అంటుందే, అక్కడ అని ఇంకొకరు. (ఆ ఏడు ప్లీజ్‌లని ఏడు 'దయచేసి'లు చేస్తే రైల్వే అనౌన్స్‌మెంట్ అవుతుంది. ప్లీజ్ అనే ఉంచాం.) చివర్లో నాకేం లేదు, బాగానే ఉన్నానన్న జవాబు దగ్గర అని మూడోవారు. అరగంట వాదించుకున్నాం. ఎవరు ఏ చోటు చెప్పినా, అక్కడే ఎందుకో పుస్తకంలోంచి చూపించాల్సి వచ్చింది. ఆ అరగంటే విశ్లేషణ. ఆమె ఏ క్షణంలో అతన్నుంచి విడిపోయిందన్నదే మేం వెతికింది. అదే ఆ కథ వస్తువు కూడా.

ఇందులోనే ఇంకోటి. ఇంగ్లీషు 'ఇట్' అనే చిన్న మాట లేకుండా వాక్యం నడపలేదు. ఈ కథలో ఆ 'ఇట్' ఒకచోట ఆపరేషన్, ఒకచోట వాళ్ల పాత జీవితం, ఒకచోట ఏదో తేల్చి చెప్పలేం. తెలుగులో 'చేయించుకుంటే అయిపోతుంది' అని కర్మ లేకుండా దాటేయొచ్చు. మన భాష దాచేస్తుంది. ఇంగ్లీషు దాచలేక ఒక బోలు మాట పెట్టి దాని చుట్టూ తిరుగుతుంది. పెన్సిల్‌తో ఆ 'ఇట్'లన్నీ చుట్టి, ఒక్కోటీ దేన్ని అంటోందో పక్కన రాసుకోండి. రాయలేని చోట్లే అసలు కథ జరుగుతోంది. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు, అంటే చెప్పిన మాటలోంచి చెప్పని అర్థం మోగడం. హెమింగ్వే కథని నీళ్లలో తేలే మంచుకొండతో పోల్చి, దాంట్లో ఎనిమిదో వంతే పైకి కనిపిస్తుందన్నాడు. రెండూ ఒకటే అని నేను అనను, కానీ ధ్వని అన్న మాట తెలిసినవాళ్లకి ఈ కథ పరాయిది అనిపించదు.

వాక్యాలు కలపడంలోనూ ఈ తేడా వస్తుంది. ఆయన 1929 నవల 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' మొదటి పేరాలో సైనికులు వెళ్తారు, దుమ్ము లేస్తుంది, ఆకుల మీద పడుతుంది, ఆ సంవత్సరం ఆకులు ముందుగానే రాలతాయి. అన్నిటినీ 'అండ్, అండ్' అంటూ పక్కపక్కన పేర్చాడు. తెలుగులో మన చెయ్యి ఊరికే ఉండదు. 'వెళ్తుంటే లేచిన దుమ్ము పడి, ఆకులు రాలిపోయాయి' అని కలిపేస్తాం. కలిపిన వెంటనే కారణం వచ్చేసింది. సైన్యం వల్ల ఆకులు రాలాయి అన్నట్టయింది. హెమింగ్వే ఆ 'వల్ల'ని రానివ్వలేదు. చూసినది చూసినట్టు పెట్టాడు, ఎందుకో చెప్పలేదు. ఆ అధ్యాయం చివరి వాక్యంలో కలరా వచ్చి సైన్యంలో ఏడు వేల మంది మాత్రమే చనిపోయారంటాడు. ఆ 'మాత్రమే' దగ్గర ఆగినవాళ్లకి ఆ నవల యుద్ధం గురించి ఏం అనుకుంటోందో వేరే చెప్పక్కర్లేదు.

వర్జీనియా వుల్ఫ్‌కి వస్తే ఇంకో పరీక్ష. 1925 నాటి 'మిసెస్ డాలోవే' లండన్‌లో జూన్ నెలలో ఒకే ఒక్క రోజు కథ. రచయిత్రి గొంతు ఎక్కడ ఆగి పాత్ర ఆలోచన ఎక్కడ మొదలవుతుందో గీత కనిపించదు. ఇంగ్లీషులో అంతటా 'షీ' అనే ఉంటుంది. తెలుగులోకి తిప్పేటప్పుడు ప్రతి వాక్యానికీ మీరు ఎంచుకోవాలి: ఆమెనా, తనా? 'ఆమె' అంటే బయటినుంచి చూస్తున్నాం. 'తను' అంటే లోపల ఉన్నాం. ఒక పేజీలో ఉన్న షీలన్నిటికీ పైన ఈ రెండింట్లో ఏదో ఒకటి రాయండి. గొంతు ఎక్కడెక్కడ లోపలికీ బయటికీ వెళ్తోందో బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది. ఇంగ్లీషు విమర్శకులు పెద్ద పారిభాషిక పదంతో చెప్పేది మన 'తను' రెండక్షరాల్లో చూపిస్తుంది. దీనికి ముందు తెలుగులో నవీన్ 'అంపశయ్య' చదివి ఉంటే ఇంకా మంచిది. ఒక విద్యార్థి జీవితంలో ఒక రోజుని చైతన్య స్రవంతిలో, అంటే మనసులో ఆలోచనలు ఎలా పారితే అలా చెప్పిన నవల అది. ఆ నడక ఒకసారి అలవాటైతే వుల్ఫ్ దగ్గర భయం తగ్గుతుంది.

శైలి దారికీ ఒక చిక్కు ఉంది. చాలా నెమ్మది. ఒక పేరాకి ఒక ఆదివారం పడుతుంది. పైగా వాక్యాల సంబరంలో పడి అసలు సంగతి మరిచిపోతాం. ఒకసారి మేం వరసగా రెండు ఆదివారాలు అడ్జెక్టివ్‌లు లెక్కపెట్టి, అందులోంచి చెప్పడానికి ఏమీ తేలక నీరసపడ్డాం. దొరికిన ప్రతిదానికీ 'అయితే ఏంటి?' అని అడగాలి. జవాబు రాకపోతే అది వదిలేసి ముందుకి వెళ్లాలి.

ఏ పుస్తకం ముందు

ఇంగ్లీషు అంటే బెరుకు ఉన్నవాళ్లు హెమింగ్వే కథతోనే మొదలుపెట్టండి. మాటలు తేలిక, డిక్షనరీ పెద్దగా అక్కర్లేదు, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. చరిత్ర మీద మనసున్నవాళ్లకి ఆర్వెల్ వ్యాసం.

నవలే కావాలంటే ఆర్.కె. నారాయణ్ 'ది గైడ్', ఇంకో ఆలోచన అక్కర్లేదు. 1958లో వచ్చింది, 1960లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంగ్లీషు నీళ్లలా సాగుతుంది. అందుకే చాలామంది ఇందులో శైలి ఏముంది అనుకుంటారు. జైలు నుంచి బయటికొచ్చిన రాజు నది ఒడ్డున గుడిలో కూర్చుంటే వేలన్ అనే పల్లెటూరి మనిషి స్వామి అనుకుంటాడు. ఈ కథ రెండు గొంతుల్లో నడుస్తుంది. ఇప్పటి సంగతులు రచయిత చెబుతాడు, పాత జీవితం రాజు 'నేను' అంటూ చెబుతాడు. ఆ 'నేను' వేలన్ ముందు విప్పుతున్న మనసని మనకి కొంత దూరం వెళ్లాకే తెలుస్తుంది. అంతా విన్నాక కూడా వేలన్ స్వామీ అనే పిలుస్తాడు. ఇక్కడా అదే ప్రశ్న వేసుకోండి. వేలన్ మొదటినుంచీ మీరు అనే అంటాడు, సరే. రాజు వేలన్‌ని నువ్వు అనడం ఎప్పుడు మొదలుపెడతాడు? ఎంత తొందరగా మొదలుపెట్టాడని మీకు అనిపిస్తే అంత తొందరగా అతను స్వామి వేషంలోకి వెళ్లిపోయాడన్నమాట. చివర్లో వాన వచ్చిందా రాలేదా, అతను నిజంగా స్వామి అయ్యాడా అన్నది నారాయణ్ తేల్చలేదు. సినిమా చూసినవాళ్లు ఆ ముగింపు పక్కన పెట్టి చదవాలి.

రాజారావు 'కాంతపుర' 1938 నాటిది. ఊరి ముసలావిడ అచ్చక్క చెప్పే స్థలపురాణం లాంటి నవల. దీన్ని తెలుగులోకి తిప్పితే మొరాయించదు, మన అమ్మమ్మల మాటలాగే వచ్చేస్తుంది. అంత సులువుగా రావడం కూడా సాక్ష్యమే, కథ చెప్పే కన్నడ తీరుని ఇంగ్లీషులోకి లాక్కొచ్చాడు కాబట్టి. అయితే ఆ పొడుగు వాక్యాలు మొదట్లో అలిసేలా చేస్తాయి, రెండో నవలగా పెట్టుకోండి. నైజీరియా రచయిత అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్' కూడా అదే వరసలో, సామెతలతో మాట్లాడే మనుషులు మనకి వెంటనే దగ్గరవుతారు. వుల్ఫ్ ఐదో ఆరో పుస్తకంగా.

కవిత్వం కొన్నాళ్లు ఆగాకే. ఇంగ్లీషు పద్యం నడక మాటలో ఏ ముక్క మీద ఒత్తు పడుతుందన్న దాని మీద ఉంటుంది. లఘువు గురువు లెక్కకి అలవాటైన చెవికి అది పట్టుబడటానికి ముందు చాలాసార్లు వినాలి.

పక్కన పెట్టుకునే పుస్తకాల్లో అబ్రమ్స్ 'ఎ గ్లాసరీ ఆఫ్ లిటరరీ టర్మ్స్' ఒకటి చాలు, అదీ మాట అర్థం కానప్పుడు తీసి చూసుకోవడానికి. వాక్యాల లోతుకి ఇంకా వెళ్లాలనుకుంటే లీచ్, షార్ట్ కలిసి రాసిన 'స్టైల్ ఇన్ ఫిక్షన్', 1981లో వచ్చింది. కాస్త కష్టం, కానీ నిజాయితీగా పని నేర్పుతుంది. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వర్మ్ షాపుల్లో సెకండ్ హ్యాండ్ కాపీలు వెతకండి. ఇదివరకు చదివినవాళ్ల పెన్సిల్ గీతలున్న కాపీ దొరికితే వదలొద్దు. వాళ్లు గీత గీసిన చోట మీరు గీయకపోతే ఎందుకో ఆలోచించొచ్చు. చాట్‌బాట్‌ని అడగాలనిపిస్తే, మీ సొంత పేజీ రాసుకున్న తర్వాత అడగండి. ముందే అడిగితే దాని నాలుగు వస్తువులు మీ కళ్లకి అడ్డం పడతాయి, ఇక మీకు ఏదీ కొత్తగా కనిపించదు. ఒంటరిగా కన్నా ఇద్దరు ముగ్గురు కలిసి చదవడం మేలు. ఆ కోరంగి మాట నేను ఒక్కదాన్నే చదివి ఉంటే దాటిపోయేదాన్ని.

మా అక్క కూతురి అసైన్‌మెంట్ కూడా ఆ హెమింగ్వే కథ మీదే. మా వాదన సంగతి చెప్పి, మూడు చోట్లు చూపించి, "నువ్వే తేల్చుకో, ఎందుకో రాయి" అని పంపాను. బస్సులో తెలుగు చేసుకుంటూ వెళ్లినట్టుంది. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, మీరు చెప్పిన మూడూ కాదు. చివర్లో ఆయన ఇప్పుడు నీకు బాగుందా అని అడుగుతాడు కదా. ఆ అమ్మాయి జవాబు చూడు. నేను బాగానే ఉన్నా, నాకేం కాలేదు, నేను బాగానే ఉన్నా. అంతే. ఆయన్ని అసలు పిలవనే లేదు. నువ్వూ లేదు, మీరూ లేదు. చూసినావా?"

చూడలేదు. ఫోన్ చేతిలో పట్టుకునే లేచి వెళ్లి పుస్తకం తీశాను. నిజమే, లేదు.